పాతిక మిల్లీలీటర్ల పోర్ట్ ఎలెన్

గ్లాస్గో నుంచి కెనక్రేగ్ రేవు దాకా బస్సు బాగానే నడిచింది. ఫెర్రీ దగ్గరే విసుగొచ్చింది. గాలి తగ్గితే గాని కదలదన్నారు. స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో దిగేసరికి చీకటి పడింది. మర్నాడు లఫ్రోయిగ్, లగావులిన్, ఆర్డ్‌బెగ్ విస్కీ డిస్టిలరీలు వరసగా నడిచి చూశాను. వాటి గురించి చాలామంది రాశారు. నాకు చెప్పాలనుంది ఆ సాయంత్రం పోర్ట్ ఎలెన్ ఊళ్లో తాగిన ఒక్క పెగ్గు విస్కీ గురించి.

బార్ మెనూలో అట్టడుగున ఉంది. పోర్ట్ ఎలెన్, ఆ ఊరి డిస్టిలరీ విస్కీయే, 1982లో తీసింది, పాతికేళ్లు పీపాలో ఉన్నది. 25 మిల్లీలీటర్లకు 160 పౌండ్లు! మన డబ్బుల్లో పదిహేడు వేలు దాటుతుంది. ఒళ్లు మండింది. బయటికే అనేశాను కూడా.

పక్కన కూర్చున్న పెద్దాయన నా వైపు తిరిగాడు. వాళ్లన్న ఆ డిస్టిలరీలో పీపాలు దొర్లించేవాడట. 1825లో పెట్టింది, 1983లో మూసేశారు. అప్పట్లో స్కాట్లాండ్ అంతటా నిల్వలు పేరుకుపోయాయి, కొనేవాళ్లు తగ్గారు. అక్కడ తీసినదాంట్లో ఎక్కువ భాగం, పలు డిస్టిలరీల సరుకుతో చేసే బ్లెండెడ్ విస్కీల్లో కలపడానికే పోయేది. దీన్ని ఎవరైనా ఇంత పెట్టి కొంటారని పని చేసినవాళ్లకు తెలియదు. పని పోయాక వాళ్లన్న గ్లాస్గో వెళ్లి స్థిరపడ్డాడు.

అది విన్నాక తాగకుండా లేవబుద్ధి కాలేదు.

ముందు వాసన చూశాను. పొగ ఉంది గాని ఘాటుగా లేదు, ఎక్కడో వెనక నిలబడ్డట్టుంది. నోట్లో పోసుకుంటే నిమ్మతొక్క, కాస్త ఉప్పు, ఆ తర్వాత మైనం లాంటి నునుపు. మింగాక చాలాసేపు మాట్లాడాలనిపించలేదు.

మా నల్గొండ వైపు తాటికల్లు పొద్దున దించితే మధ్యాహ్నానికే పులుస్తుంది. ఆలస్యమైతే రుచి పోతుందని తెలిసినవాడిని, ఆలస్యంతోనే రుచి వచ్చినదాన్ని తాగడం నాకు కొత్త. ఐలా చలికి పీపాలోంచి ఏటా రెండు శాతం దాకా విస్కీ ఆవిరవుతుంది. పాతికేళ్లకు సగానికి పైనే మిగులుతుంది. బెంగళూరులో విస్కీ తీసే అమృత్ వాళ్లకు ఏడాదికే పది శాతం పైన పోతుంది. మన ఎండలో ఇంతకాలం ఉంచితే పీపా అడుగున తడి తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ధర మీద కోపం కొంత తగ్గింది, పూర్తిగా కాదు. ఆ డబ్బులో పైసా కూడా పీపాలు దొర్లించినవాళ్లకు చేరదు.

డిస్టిలరీని 2024 మార్చిలో మళ్లీ తెరిచారు. మర్నాడు పొద్దున వెళ్లాను. భవనాలు కొత్తవి, రాగి బట్టీలు మెరుస్తున్నాయి. తీసింది ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు ఉంటే గాని స్కాచ్ అని అమ్మకూడదు. ఆ ఏడు పోసినదానికి పాతికేళ్లు నిండేది 2049లో. అప్పటికి నాకు అరవై దాటుతాయి. ఒంట్లో ఓపిక ఉంటే మళ్లీ వెళ్తాను, ఫెర్రీ ఎంత ఆలస్యమైనా సరే.