మాచా పురోగతి: రెండు పొడులు, ఒకే కొలత

మాచా అంటే జపాన్ పచ్చ టీ ఆకు పొడి. ఈ విడత పని: ‘సెరిమోనియల్’ (నేరుగా తాగడానికి) అని రాసిన పొడినీ, ‘కలినరీ’ (వంటకు) అని రాసిన పొడినీ ఒకే కొలతతో, ఒకే నీళ్లతో కలిపి పోల్చడం.

ముందుగా తెలియాల్సింది, ఈ రెండు పేర్లకూ జపాన్‌లో చట్టబద్ధమైన ప్రమాణం లేదు. అమ్మేవాళ్లు పెట్టుకున్నవే. అక్కడ పలుచని టీ ఉసుచాకు, చిక్కని టీ కోయిచాకు, మిఠాయిలకు అంటూ వాడకాన్ని బట్టి పొడిని విడదీస్తారు. అందుకే పేరు వదిలేసి డబ్బా వెనక చూడండి: ఉజి, నిషియో, యమె వంటి జపాన్ టీ ఊరి పేరు ఉందా, మొదటి కోత ఆకేనా, ఎప్పుడు పొడి చేశారు.

ధరలో తేడా తోటలోనే మొదలవుతుంది. కోతకు దాదాపు మూడు వారాల ముందు మొక్కలకు నీడ కప్పుతారు. ఎండ తగిలితే ఆకులో కమ్మదనాన్నిచ్చే థియనిన్, వగరునిచ్చే కెటెకిన్లుగా మారుతుంది. నీడలో థియనిన్ నిలుస్తుంది, పత్రహరితం పెరుగుతుంది. ఆ ఆకును ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, ఈనెలు, కాడలు తీసేస్తే టెంచా. దాన్ని రాతి తిరగలిలో విసిరితే మాచా. ఒక తిరగలికి గంటకు దిగేది సుమారు 40 గ్రాములే. వేగం పెంచితే రాయి వేడెక్కి వాసన పోతుంది.

రంగు పరీక్ష: తెల్ల కాగితం మీద చిటికెడు వేసి వేలితో గీత లాగాలి. మంచి పొడి పచ్చగా, నున్నగా సాగుతుంది. నాసి పొడి పసుపు తిరిగి, గరుకుగా, గీత మధ్యలో తెగుతుంది.

కొలత: 2 గ్రాముల పొడి, 80 డిగ్రీల నీళ్లు 70 మి.లీ. థర్మామీటర్ లేకపోతే మరిగిన నీళ్లను రెండుసార్లు గిన్నె మార్చండి, ఒక్కోసారి పది డిగ్రీలు తగ్గుతాయి. వెదురు కవ్వం చాసెన్‌ను ముందు వేడినీళ్లలో నాననివ్వాలి, పొడిగా వాడితే పుల్లలు విరుగుతాయి. పొడిని జల్లించి, కాసిని నీళ్లతో ముద్ద చేసి, మిగతావి పోసి, మణికట్టుతో ముందుకీ వెనక్కీ 20 సెకన్లు చిలకాలి. గుండ్రంగా తిప్పితే నురగ రాదు. అడుగుకు అదిమితే కవ్వం పాడవుతుంది.

ఉండలు కట్టిందంటే జల్లించలేదని అర్థం. అంత సన్నని పొడి స్థిరవిద్యుత్తుతోనే అంటుకుపోతుంది. చేదు ముందుకొస్తే నీళ్లు మరీ వేడిగా ఉన్నట్టు. బోరు నీళ్లతో రుచి చప్పబడుతుంది, ఫిల్టర్ నీళ్లు వాడండి.

ఫలితం: నీళ్లలో మొదటి పొడికి ఉడికించిన లేత పాలకూర లాంటి కమ్మదనం, చివర్లో తీపి. రెండోది వగరు, నురగ కూడా పెద్ద బుడగలు. పాలలో మాత్రం లెక్క తారుమారైంది. 3 గ్రాములు, 40 మి.లీ. నీళ్లు, 150 మి.లీ. పాలు. మొదటి పొడి సున్నితత్వం పాలలో మునిగిపోయింది, రెండోది నిలబడింది. గేదెపాలైతే 4 గ్రాములు కావాలి. ఇలా పాలతో చేసే లాటేకి ఖరీదైన డబ్బా వాడటం నిజంగా దండగ.

నిల్వ: 20, 30 గ్రాముల చిన్న డబ్బాలే కొనండి, తెరిచాక నెలలో అవగొట్టాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తీయకూడదు, ముఖ్యంగా కోస్తా ఉక్కపోతలో. లోపల చెమ్మ చేరి పొడి గడ్డకడుతుంది, రంగు మాసిపోతుంది. కవ్వాన్ని సబ్బు లేకుండా కడిగి గాలికి ఆరనివ్వాలి, వానాకాలంలో బూజు త్వరగా పడుతుంది.

తర్వాతి విడత మొదటి పొడితో కోయిచా: 4 గ్రాములు, 40 మి.లీ. నీళ్లు, చిలకకుండా నెమ్మదిగా కలపడం. వగరు ఏమాత్రం ఉన్నా అంత చిక్కదనంలో దాగదు.