కొట్టేసిన మాట

మా బాబాయి ఇరవై రెండేళ్లు మిలిటరీలో చేసి హవల్దారుగా రిటైరయ్యాడు. ఇప్పుడు గుంటూరు పట్టాభిపురంలో ఉంటున్నాడు. 2025 మే నెలలో సరిహద్దులో దాడులు నడుస్తున్న ఆ నాలుగు రోజులూ బ్రాడీపేటలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా యుద్ధం మాటే. లాహోర్ దాకా వెళ్లిపోవాలని ఒకరు, అక్కడితో ఆగకూడదని ఇంకొకరు. బాబాయి మాత్రం టీవీ కట్టేసి వరండాలో కూర్చునేవాడు. వార్తలు చూడవా అని పిన్ని అడిగితే, "చూడాల్సినంత చూశాలే" అన్నాడు, అంతే.

ఆయన్ని అలా చూసినప్పుడు నాకు అమెరికా జనరల్ ఐసెన్‌హోవర్ రాసిన ఓ చీటీ గుర్తొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్‌లో, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద మిత్రదేశాలు చేసిన దాడికి సర్వసైన్యాధ్యక్షుడు ఆయనే. జూన్ 5న దిగాలనుకున్నారు, గాలీ అలలూ కుదరనివ్వలేదు, ఒకరోజు వాయిదా వేశారు. మధ్యలో కాస్త తెరిపి ఇస్తుందని వాతావరణ అధికారి చెప్పడంతో, సరే వెళ్దామన్నాడు. మొదటి రోజే లక్షా యాభై వేల మందికి పైగా ఆ తీరంలో దిగాలి, ఆ ఒక్క మాట అన్నాక ఇక తన చేతిలో ఏమీ లేదు. పారాచూట్లతో దూకబోయేవాళ్లలో చాలామంది బతకరని ఆయన కింద పనిచేసే వైమానిక దళాధిపతి ముందే హెచ్చరించాడు కూడా. 5వ తేదీ సాయంత్రం ఆ కుర్రాళ్ల దగ్గరికే వెళ్లి, నీది ఏ ఊరు, అక్కడేం చేసేవాడివి అని అడుగుతూ వాళ్ల మధ్య తిరిగాడు.

ఆ చీటీ ఆ సమయంలో రాసిందే. ఒకవేళ ఓడిపోతే లోకానికి ఏం చెప్పాలో చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి పర్సులో పెట్టుకున్నాడు. నాలుగు వాక్యాలు. ఎంత ఒత్తిడిలో ఉన్నాడో గానీ జూన్ అని వేయాల్సిన చోట జూలై 5 అని వేశాడు. అందులో మొదట "సేనలను ఉపసంహరించడం జరిగింది" అన్న పద్ధతిలో రాశాడు. తర్వాత దాన్ని కొట్టేసి "సేనలను నేను వెనక్కి పిలిచాను" అని దిద్దాడు. సైనికులు ధైర్యంగా చేయగలిగిందంతా చేశారనీ, తప్పంటూ ఉంటే అది తనొక్కడిదేననీ ముగించాడు.

ఆ కొట్టివేత తెలుగువాళ్లకు బాగా తగలాలి, ఎందుకంటే మనకు "జరిగింది" అనే మాట చాలా అలవాటు. మా ఆఫీసులో ఒకసారి లెక్క తప్పు వేసి పదకొండు మందికి జీతం కోసేశారు, తర్వాత వచ్చిన నోటీసులో "పొరపాటు జరగడం జరిగింది" అని ఉంది. ఎవరు చేశారో ఆ కాగితంలో ఎక్కడా లేదు. యుద్ధాల విషయంలోనూ అంతే, ప్రాణనష్టం జరుగుతుంది, వెనక్కి రావడం జరుగుతుంది, పంపినవాడి పేరు మాత్రం రాదు.

1953లో అమెరికా అధ్యక్షుడయ్యాక కూడా యుద్ధం గురించి ఐసెన్‌హోవర్ లెక్క కట్టి మాట్లాడాడు. ఆ ఏప్రిల్ ప్రసంగంలో, ఒక్క భారీ బాంబర్ విమానం ఖరీదుతో ముప్పైకి పైగా పట్టణాల్లో ఒక్కో ఇటుకల బడి కట్టొచ్చన్నాడు, ఒక్క యుద్ధవిమానానికి అయిదు లక్షల బుషెల్స్, అంటే దాదాపు పదమూడున్నర వేల టన్నుల గోధుమలు పోతున్నాయన్నాడు. అమెరికా పోరాడుతున్న కొరియా యుద్ధంలో కాల్పులు ఆ జూలైలోనే ఆగాయి. 1961 జనవరిలో దిగిపోతూ, సైన్యమూ ఆయుధ పరిశ్రమా కలిసి దేశం మీద పెత్తనం చేస్తాయి, జాగ్రత్త అని చెప్పాడు. అయిదు నక్షత్రాల జనరల్ ఆ మాట అన్నాడు కాబట్టే దానికంత బరువు.

అలాగని ఆయన్ని దేవుణ్ని చేయను. 1953లో ఇరాన్‌లో, 1954లో గ్వాటెమాలాలో ప్రభుత్వాలను అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ పడగొట్టింది ఆయన హయాంలోనే, ఆయనకు తెలిసే. ఇరాన్ సంగతి సీఐఏ తన కాగితాల్లో బాహాటంగా ఒప్పుకునేసరికి 2013 వచ్చింది. అక్కడ "నేను" అన్న మాట లేదు, నాకు మింగుడుపడని చోటు అదే. 1960లో సోవియట్లు అమెరికా యూ-2 గూఢచారి విమానాన్ని కూల్చినప్పుడూ ముందు వాతావరణ పరిశోధన అని అబద్ధం చెప్పించారు, పైలట్ ప్రాణాలతో దొరికాక గానీ బాధ్యత తనదేనని ఆయన చెప్పలేదు.

ఆ చీటీ సంగతి బాబాయికి చెప్పాను. ఏ దేశం, ఏ యుద్ధం అని అడగలేదు. "ఏ మాట కొట్టేశాడ్రా?" అన్నాడు. చెప్పాను. లోపలికి వెళ్లి పాలిథిన్ కవర్లో చుట్టిపెట్టిన పాత డైరీ తెచ్చి ఒక ఫోన్ నంబరు చూపించాడు. చలికాలంలో మంచుకొండల మీద పోస్టింగ్, రాత్రి కాపలాకు తను వేసిన ఒక కుర్రాడికి మంచు కొరికి మూడు కాలివేళ్లు తీసేశారట. ప్రతి దసరాకీ ఆ కుర్రాడికి ఫోన్ చేస్తాడట. పిన్నికి కూడా ఇన్నాళ్లూ తెలియదు.

"చలికి ఎవరేం చేస్తారు బాబాయ్?" అన్నాను.

"చలి సంగతి కాదురా. ఆ రోజు డ్యూటీ లిస్టు రాసింది నేను," అని డైరీ మళ్లీ కవర్లో చుట్టాడు.