65 దగ్గర ఆగని గాంధారం: వయొలిన్ 14వ నెల

మళ్ళీ గాంధారమే, అంటే సరిగమలో "గ". ఈ నెల మిగతావన్నీ దారిలో పడ్డాయి, సరళీ స్వరాలు (మొట్టమొదటి పాఠాలు) మూడో కాలంలో, అంటే బాగా వేగంగా వాయించినా తడబడకుండా వస్తున్నాయి, కమాను కీచుమనడం దాదాపు మానేసింది. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు. "సరిగమ" అని పైకి వెళ్ళేటప్పుడు ఆ "గ" మాత్రం ప్రతిసారీ కాస్త ఎక్కువ శ్రుతిలోనే పడుతోంది. మాస్టారు కళ్ళు మూసుకుని "ఎక్కుతోందయ్యా, దించు" అంటారు. దించితే "ఇప్పుడు దిగిపోయింది" అంటారు. ఈ మాట పద్నాలుగు నెలలుగా వింటున్నాను.

నాకు ఆటోనగర్‌లో లేతు షెడ్డు ఉంది. చెవికి అందనిది స్కేలుకి అందుతుందని నా నమ్మకం, అందుకే ఈసారి కొలతలకి దిగాను. నా వయొలిన్ మీద నట్ (పైకొసన తీగ ఆనే గట్టు) నుంచి బ్రిడ్జి (తీగల్ని మోసే చెక్క) దాకా సా తీగ 325 మి.మీ. సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో వచ్చే గ ని అంతర గాంధారం అంటారు, దాని శ్రుతి సా కి 5/4 వంతు, అంటే తీగలో ఐదో వంతు వదిలేయాలి, నట్ నుంచి సరిగ్గా 65 మి.మీ. శుద్ధ రిషభం (రి) 20 దగ్గర, శుద్ధ మధ్యమం (మ) 81 దగ్గర. రి నుంచి గ కి 45 మి.మీ. దూకుడు, గ నుంచి మ కి 16 మాత్రమే. నా వేళ్ళేమో స్పానర్లు పట్టిన వేళ్ళు, ఒక్కొక్కటి 17 మి.మీ. వెడల్పు. ఈ రాగంలో పిల్లల చేత సరళీ స్వరాలు మొదలుపెట్టించమన్న పురందరదాసు గారికి నా వేళ్ళ సంగతి తెలియదు కదా.

వేలి కొనకి సుద్దముక్క రాసుకుని వాయించాను. తీగ నొక్కే నల్లటి ఫింగర్ బోర్డు మీద తెల్ల మచ్చ పడుతుంది, అది కొలిచి, తుడిచి, మళ్ళీ వాయించాలి. ఆరోహణలో, అంటే పైకి వెళ్ళేటప్పుడు 40 సార్లు చేస్తే ఎక్కువసార్లు 68, 69 దగ్గర పడింది, రెండుసార్లు 70 కూడా. అవరోహణలో "మగరిస" అని దిగేటప్పుడు మాత్రం ఇంచుమించు ప్రతిసారీ 67. గ దగ్గర ఒక్క మిల్లీమీటరంటే సుమారు 6, 7 సెంట్లు. సెంట్లంటే అమరావతి ప్లాటు సెంట్లు కాదు, ఒక స్థాయిని (సా నుంచి పై సా దాకా) 1200 భాగాలు చేస్తే అందులో ఒకటి.

ఇక్కడే నాకు పిచ్చెక్కింది. ఫోన్లో శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ 67 దగ్గరే పచ్చగా వెలుగుతోంది. ఫింగర్ బోర్డు మీద గ కి గుర్తుగా మా ఆవిడ బొట్టు బిళ్ళ ఒకటి నేను అంటించింది కూడా ఆ పచ్చ లైటు చూసే. అంటే అవరోహణలో నేను కరెక్టు, మాస్టారిదే పొరపాటు అన్నమాట! కానీ పా తీగ మీద ని కూడా అదే కొలతలో, అదే రెండో వేలితో పడాలి (సరిగమ, పదనిస రెండూ ఒకే అచ్చు). ఆ "ని" స్వరాన్ని మాస్టారు ఏనాడూ తప్పు పట్టలేదు, యాప్ మాత్రం పది సెంట్లు తక్కువని ఎర్రగా చూపిస్తోంది. ఆయన బాగుందన్నది యాప్‌కి తప్పు, యాప్‌కి ఒప్పయినది ఆయనకి తప్పు. పది రోజులు నట్‌ని అనుమానించాను, బ్రిడ్జి ఒరిగిందేమోనని గుర్రుగా చూశాను, పాత తీగ సాగిపోయిందేమోనని టోనికా తీగల సెట్టు తెప్పించాను. తీగలు బ్రహ్మాండంగా ఉన్నాయి, పాత ఉక్కు తీగల గీరుడు శబ్దం పోయింది, ధర మాత్రం ఇంట్లో చెప్పలేదు. గ లో ఏమార్పూ లేదు.

జవాబు తెల్లవారుజామున నాలుగున్నరకి దొరికింది. ఫ్యాన్ ఆపేసి, రాగిణి అనే ఎలక్ట్రానిక్ తంబూరా డబ్బా ఒక్కటే పెట్టుకుని కూర్చున్నాను. (ఫోన్ తంబూరాలు నాకు పడవు, ఆ చిన్న స్పీకర్లో మంద్రం నీళ్ళ చారులా వస్తుంది.) చాలాసేపు వింటే సా మోతలోంచి ఎవరూ మీటని ఒక గాంధారం సన్నగా పైకి వస్తుంది. దాన్నే స్వయంభూ గాంధారం అంటారు. దానికి నా గ కలుపుతూ వేలు మెల్లగా వెనక్కి జరిపితే, 67 దగ్గర రెండు శబ్దాలూ కలవక గరగరమంటున్న అలలు 65 కి వచ్చేసరికి ఆగిపోయాయి. యాప్ పియానో లెక్కలో ఉందన్నమాట. ఆ లెక్కలో స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తారు కాబట్టి గ 400 సెంట్ల దగ్గర ఉంటుంది, తంబూరా గాంధారం 386 దగ్గర. తేడా 14 సెంట్లు, నా తీగ మీద రెండు మిల్లీమీటర్లు. ఏడాదిగా తప్పు గేజి పెట్టి జాబ్ కొడుతున్నాను. షెడ్డులో కుర్రాడెవడైనా ఇదే పని చేస్తే ఎన్ని మాటలనేవాణ్ణో.

ఈ సంగతి మా పైవాటాలో ఓనర్ గారి మనవరాలికి ముందే తెలుసు. తొమ్మిదేళ్ళది. మెట్ల మీద కూర్చుని "అంకుల్, మీ గ పైకి పోతోంది" అని రెండు నెలల క్రితమే చెప్పింది, పిల్ల మాట కదా అని నవ్వేశాను. దానికి సంగీతం ఎవరూ నేర్పలేదు. మా బావ ఇది విని "చూశావా బావా, అది పుట్టుకతో రావాలి. బాలమురళి గారు ఇదే బెజవాడలో ఎనిమిదేళ్ళకే కచేరీ చేశారు. మనం బేరింగులు చూసుకుందాం పద" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల వాళ్ళ బామ్మగారు రోజూ తెల్లారగట్ల తంబూరా పెట్టుకుని గంటసేపు కీర్తనలు పాడతారు, పొత్తిళ్ళలో ఉన్నప్పటి నుంచి అది వింటూనే ఉంది. తొమ్మిదేళ్ళలో సగం రోజులు నిద్రలోనే విన్నదనుకున్నా పదహారు వందల గంటలు. నేను రోజుకి నలభై నిమిషాల చొప్పున పద్నాలుగు నెలల్లో 280 గంటలు, అదీ పియానో గాంధారం మరిగి. బాలమురళి గారి నాన్నగారు వేణువు వాయించేవారు, అమ్మగారు వీణ, ఆపైన పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిక్షణ. అలాంటి ఇళ్ళల్లో పుట్టిన పిల్లలందరూ బాలమురళి అయిపోలేదు, అంతవరకు మా బావ మాట ఒప్పుకుంటాను. కానీ లారీ షెడ్డులోకి వస్తుంటే ఏ చక్రం బేరింగ్ పోయిందో శబ్దాన్ని బట్టి చెప్తాను కదా, అది నేను పుట్టుకతో తెచ్చుకున్నానా? పదిహేడేళ్ళప్పుడు మా మేస్త్రీ చెవి పట్టుకుని హబ్బుకి ఆనించి వినిపించేవాడు. ఈ మాటంటే బావ టీ తాగి వెళ్ళిపోయాడు.

సరే, బొట్టు బిళ్ళ 65 కి మార్చాను. అవరోహణ మర్నాడే కుదిరింది. ఆరోహణ కుదరలేదు! మళ్ళీ 40 సార్లు కొలిస్తే 64కీ 66కీ మధ్య పడ్డవి 19, మిగతావన్నీ పైనే, ఒక్కటి కూడా కిందకి పోలేదు. తప్పు ఎప్పుడూ ఒకవైపే పోతోందంటే అది చెయ్యి వణకడం కాదు, సెట్టింగ్ తేడా. నా అనుమానాలు రెండు. ఒకటి, రి మీద ఉన్న మొదటి వేలు లేపేసి గ కి దూకుతున్నాను, అరచెయ్యి మొత్తం ముందుకి జరిగిపోతోంది. మొదటి వేలు రి మీదే నొక్కిపెట్టి వాయిస్తే 40కి 28 సరిగ్గా పడ్డాయి, కాకపోతే మూడో కాలంలో చిటికెన వేలి కింద నరం లాగేస్తోంది. రెండోది, పదనిస లో పై సా దగ్గరకి వెళ్ళగానే పక్కనున్న సా తీగ దానంతటదే మోగి దారి చూపిస్తుంది, అందుకే ని కుదురుగా ఉంటోందేమో. మ కి అలా పలికే తీగ లేదు, గ గాల్లో దీపం. రెండో అనుమానం మాస్టారికి చెబితే నవ్వి "వాయించు, వాయించు" అన్నారు.

వచ్చే వారం నుంచి యాప్ తీసేస్తున్నా. పొద్దున్నే పదిహేను నిమిషాలు వయొలిన్ ముట్టుకోకుండా తంబూరా ముందు గ ఒక్కటే పాడాలని ప్లాను, నా గొంతుకి ఇంట్లో అభ్యంతరాలు వచ్చేలా ఉన్నాయి. జంట స్వరాలు (ఒక్కో స్వరం రెండేసి సార్లు వచ్చే తర్వాతి పాఠం) మొదలుపెట్టమన్నారు కానీ "గగమమ" తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది, 16 మి.మీ. సందులో ఈ రెండు వేళ్ళూ ఎలా ఇముడుతాయో. రెండో వేలిని కొంచెం పక్కకి వాల్చి కొనతో నొక్కితే సందు దొరుకుతోంది, ఆదివారం ఇంకో 40 కొలుస్తాను. పైవాటా పిల్లని మెట్ల మీద కూర్చోబెట్టి, స్కేలు చూడకుండా ముందు దాని తీర్పు రాసుకుని, తర్వాత కొలత రాయాలి. గంటకి రెండు చాక్లెట్లు అడిగింది, బేరమాడి రెండు గంటలకి మూడు దగ్గర తెగ్గొట్టాను.