సంతకాల పుస్తకం

మన బడి సంచికకి ఏదైనా రాయమని కబురొచ్చినప్పుడు, మిగతావాళ్లు ఏం రాస్తారో నాకు ముందే తెలుసు. గోడ దూకిన కథలు, బెత్తం దెబ్బలు, గేటు దగ్గర ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు. అవన్నీ నాకూ ఉన్నాయి. కానీ బడి అనగానే నాకు గుర్తొచ్చేది ఒక పొడుగాటి రూళ్ల పుస్తకం. గోధుమరంగు అట్ట, ఎర్ర గుడ్డ అంటించిన వెన్ను. టీచర్లు దాన్ని సర్క్యులర్ పుస్తకం అనేవారు. మేం సంతకాల పుస్తకం అనేవాళ్లం.

1990-91లో నేను అయిదో తరగతి. విశాఖ బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి నాలుగు సందుల అవతల మన బడి, మీకు నేను చెప్పక్కర్లేదు. పెద్ద మేస్టారితో కలిపి టీచర్లు ఆరుగురు. ప్యూను లేడు. ఆయా ఉండేది గానీ ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అందుకని శనివారం మధ్యాహ్నం పెద్ద మేస్టారు వచ్చే వారం సంగతులన్నీ ఆ పుస్తకంలో రాసి నన్ను పిలిచేవారు. "గుంటా, అందరికీ చూపించి సంతకాలు పెట్టించుకు రా. దారిలో ఆడుకోకు." నన్నే ఎందుకంటే, చదువులో ఫస్టని కాదు. మా ఇల్లు బడికి ఎదురుగానే. కాస్త ఆలస్యమైనా ఇంట్లో ఎవరూ వెతుక్కోరని.

నీలం సిరాతో రాసేవారు. ఆకుపచ్చ సిరా గెజిటెడ్ ఆఫీసర్లకేనట, మన మేస్టారికి ఆ యోగం లేదట. మూడో తరగతి టీచరుగారు కొంచెం వెటకారంగా చెప్పిన మాట అది. ప్రతి నోటీసూ "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా" అని మొదలయ్యేది. మొదట్లో అది ఎవరో మనిషి పేరనుకున్నాను. కలిపి రాసిన ఆ గొలుసు రాత చదవడానికి నాకు నెల పట్టింది. చదవడం వచ్చాక మరి ఆగలేదు. "ఇందుమూలముగా అమ్మకు తెలియజేయడమేమనగా, నాకు పావలా కావలెను" అని చీటీ రాసి పోపుల డబ్బా మీద పెట్టేదాన్ని. అమ్మ దాన్ని కూడబలుక్కుని చదివి, నవ్వి, పది పైసలు ఇచ్చేది.

ఆ పుస్తకంలో ఏముండేదో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. లెసన్ ప్లాన్లు సోమవారానికల్లా బల్ల మీద ఉండాలి. సెప్టెంబర్ 5 జెండాల డబ్బు ఇంకా ఫలానా తరగతి నుంచి రాలేదు. మార్గశిర గురువారాల్లో పిల్లల హాజరు తగ్గకుండా చూడవలెను. ఈ చివరిది రాశాక వచ్చిన గురువారం పెద్ద మేస్టారే నుదుట కుంకుమతో, చేతిలో కొబ్బరిచెక్కతో పావుగంట ఆలస్యంగా వచ్చారు. డిసెంబర్ వస్తే సి.ఎల్.ల గొడవ, అంటే క్యాజువల్ లీవులు. ఏడాదికి 15, వాడుకోకపోతే 31తో మురిగిపోతాయి. "మిగిలిన సెలవులు అందరూ ఒకేసారి పెట్టరాదు" అని రాసి కింద రెండు గీతలు కొట్టేవారు. ఆ గీతలు చూసి మేం చప్పట్లు కొట్టుకునేవాళ్లం. ఎవరో ఒకరు పెట్టి తీరతారని మాకు తెలుసు.

సంతకాలు పెట్టే తీరులోనే అయిదుగురు అయిదు రకాలు. ఒకటో తరగతి టీచరుగారు చదవకుండానే పెట్టేసేవారు. రెండో తరగతి మేస్టారు రెండుసార్లు చదివి, నిట్టూర్చి, టైము కూడా వేసేవారు. మూడో తరగతి టీచరుగారు "చూచితిని" అని మాత్రమే రాసేవారు. చూచితిని అంటే ఒప్పుకున్నట్టు కాదని ఆవిడ లెక్క.

ఒక శనివారం నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. మంగళవారం డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వస్తారని అందులో ఉంది. నేను మా అప్పకి చెప్పాను. అప్ప కుళాయి దగ్గర చెప్పింది. పేటంతా తెలిసిపోయింది. మంగళవారం పొద్దున్న పిల్లలు తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కాలతో దిగారు. అక్కడితో ఆగినా బాగుండేది. రిజిస్టర్‌లో పేరు మాత్రమే ఉండి, రోజూ జెట్టీకో కిళ్లీ బడ్డీకో పనికి పోయేవాళ్లు కూడా వచ్చేశారు. నాలుగో తరగతిలో కూర్చోడానికి చోటు లేక సగం మంది వరండాలో. ఇన్‌స్పెక్టరుగారు ముక్కున వేలేసుకుని, "రోజూ ఇంతమందీ వస్తారా మేస్టారూ?" అని అడిగారు. పెద్ద మేస్టారు ఒక క్షణం నాకేసి చూసి, "మీరు రోజూ వస్తే వస్తారండి" అన్నారు. నన్ను తిట్టలేదు. ఆ వచ్చే శనివారం పుస్తకం ఇస్తూ మాత్రం, "కళ్లు మూసుకుని పట్టుకెళ్లు" అన్నారు.

మా నాన్న పోర్టులో కళాసీ. తుఫాను సెలవు సంగతి పుస్తకం కంటే ముందు మా ఇంటికే వచ్చేది. ఆ ఒక్క విషయంలో నేను పెద్ద మేస్టారికి వార్తలు మోసేదాన్ని.

ఫిబ్రవరిలో జనాభా లెక్కలు వచ్చాయి. 9వ తేదీ నుంచి 28 దాకా. నలుగురు టీచర్లకి డ్యూటీ పడింది. మూడూ నాలుగూ కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టారు, ఆ గోల మీకు గుర్తుండే ఉంటుంది. పుస్తకంలో ఆ నెలంతా పాఠాల మాటే లేదు, అంతా ఇళ్లూ మనుషులూ. ఇల్లూ వాకిలీ లేనివాళ్లని 28 రాత్రి లెక్కపెట్టాలి కాబట్టి టార్చిలైట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవలెను అని ఒక నోటీసు. కురుపాం మార్కెట్ అరుగుల మీద ఎంతమంది పడుకుంటారో నాకు తెలుసు. కానీ వాళ్లనీ ఎవరో పేరు అడిగి రాసుకుంటారని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడు శుక్రవారం, రెండో తరగతి మేస్టారు ఎర్రటి కళ్లతో వచ్చి బల్ల మీద తల పెట్టుకున్నారు. ఆయన క్లాసు ఆ రోజు అద్భుతంగా నిశ్శబ్దంగా ఉంది.

అంతకు ముందు శనివారం ఇంకో నోటీసు. చదవడం మాత్రమే వచ్చి రాయడం రానివారిని అక్షరాస్యులుగా లెక్కించరాదు. అది నేనే పట్టుకెళ్లాను. నలుగురి చేతా సంతకం పెట్టించాను.

మా ఇంటికి వచ్చింది రెండో తరగతి మేస్టారే. అమ్మ స్టూలు తుడిచి వేసింది, మంచినీళ్లిచ్చింది. పేర్లు, వయసులు, నాన్న పని అన్నీ అయ్యాయి. "చదవడం, రాయడం వచ్చామ్మా?" అన్నారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. నేను ఊరుకోలేదు. "వచ్చు మేస్టారూ, బస్సు బోర్డులు చదువుద్ది, నా చీటీలు చదువుద్ది." ఆయన పెన్ను ఆగింది. "రాయడం?" అన్నారు నాకేసి చూసి. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అమ్మ, "పేరు కూడా సగమే వచ్చు బాబూ" అంది. ఆయన ఏం రాశారో నేను వంగి చూడలేదు. ఆ లెక్కల్లో మన రాష్ట్రంలో చదువొచ్చిన ఆడవాళ్లు 32.72 శాతమని తర్వాతెప్పుడో కాలేజీలో చదివాను. ఆ దశాంశం తర్వాత అంకెల వరకూ ఎంత కచ్చితంగా కట్టారో నాకంటే ఎవరికి తెలుసు?

మన బ్యాచ్‌లో ఇద్దరు టీచర్లయ్యారు. 2022 నుంచి పొద్దున్నే బడికి రాగానే ఫోన్‌కి ముఖం చూపించి హాజరు వేసుకుంటున్నారట. నోటీసులు వాట్సాప్‌లో, రాత్రి పదింటికి కూడా. చదవకుండానే బొటనవేలు బొమ్మ పెట్టేసేవాళ్లు ఇప్పుడూ ఉన్నారట. ఆ పాత పుస్తకం ఏమైందని మొన్న బడికి వెళ్లి అడిగాను. 2014 హుద్‌హుద్‌లో బీరువా తడిసిపోయిందని, కాగితాలు గ్రౌండులో ఆరబెట్టినా ముద్దలైపోయాయని చెప్పారు.

1991 ఏప్రిల్‌లో ఆఖరి పనిదినం నాడు రికార్డు షీటు తీసుకోడానికి అమ్మ బడికొచ్చింది. ఆయా అలవాటుగా వేలిముద్ర ఇంకు పెట్టె తెచ్చి ముందు పెట్టింది. అమ్మ దాన్ని పక్కకి జరిపి పెన్ను అడిగింది. రెండు నెలలుగా పలక మీద ఆవిడ ఏం గీస్తుందో నేను పట్టించుకోలేదు. మా అమ్మది బురుజుపేట అమ్మవారి పేరే. ఆఖరి అక్షరం దగ్గర, ఆ క్షకి కింద మ ఒత్తు దగ్గర ఆగిపోయింది. నేను నోరు తెరవబోతే పెద్ద మేస్టారు చెయ్యెత్తి ఆపారు. వరండాలో లాంగ్‌బెల్ కొట్టేశారు, పిల్లలంతా గేటుకేసి పరిగెడుతున్నారు. రెండో తరగతి మేస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. అమ్మ మ ఒత్తు పెట్టి, పైన గుడి పెట్టి, పెన్ను మూత బిగించి ఇచ్చేసింది.