ముట్టుకాడు బురద మీది గోధుమ పొర: వేసవి నుంచి వానల దాకా

మైక్రోస్కోప్ కొనడం, లెన్సులు సర్దుకోవడం అయిపోయింది. ఇక అసలు పని. చెన్నైకి దక్షిణాన ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద వెళ్తే ముట్టుకాడు బ్యాక్‌వాటర్ వస్తుంది. నీళ్లు తీసినప్పుడు దాని అంచున బయటపడే బురద మీద పల్చటి గోధుమరంగు పొర ఉంటుంది. ఏటవాలు ఎండలో చూస్తే బంగారు రంగు. ఆ పొరంతా ప్రాణమున్నదే. ఎక్కువ భాగం డయాటమ్‌లు, అంటే సిలికా పెంకు ఉన్న ఏకకణ నాచు. వాటి మధ్య నీలి ఆకుపచ్చ నాచు పోగులు, అప్పుడప్పుడూ యూగ్లీనాలు. ఎండలు ముదిరేకొద్దీ ఈ పొర ఏమవుతుందో చూడాలన్నదే నా సరదా.

ముందు సమయం సంగతి. చెన్నైలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. రోజురోజుకూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. పోటుకీ ఆటుకీ మధ్య ఎత్తు తేడా అమావాస్య పౌర్ణములప్పుడు కూడా మీటరు అటూ ఇటూ, అంతే. గుజరాత్ తీరంలోలా కిలోమీటర్ల కొద్దీ బురద బయటపడదు, సన్నటి పట్టీ మాత్రమే దొరుకుతుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల అంచనాలు చూసుకుని బయల్దేరతాను. ఆ సమయాలు హార్బరువి. బ్యాక్‌వాటర్ సముద్రంలో కలిసే మొగ ఇరుకు కాబట్టి లోపల నీళ్లు తీయడానికి ఇంకాస్త ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమన్నది మొగ ఆ నెలలో ఎంత తెరుచుకుని ఉందన్నదాన్ని బట్టి.

పట్టిక చూస్తుంటే ఒక విషయం పట్టుబడింది. ఇక్కడ అమావాస్య, పౌర్ణమి దగ్గర పెద్ద పోటు ఉదయం ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో వస్తుంది. అంటే పెద్ద ఆటు పడేది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి. ఇలా రోజుకు రెండు ఆట్లు పడే ఏ రేవులోనైనా పెద్ద ఆట్లు వచ్చే వేళ ఏడాది పొడవునా ఇంచుమించు మారదు. కొన్ని ఊళ్లలో అది తెల్లవారుజామునో, సాయంత్రమో పడుతుంది, అక్కడి బురద కాస్త చల్లగా బతుకుతుంది. మన దగ్గర మాత్రం ఎండ నడినెత్తిన మాడుతున్నప్పుడే బురద ఎక్కువగా బయటపడుతుంది. సముద్రం సగటున ఎన్ని పాయింట్లు వేడెక్కిందన్న లెక్కకన్నా, ఈ రెండు మూడు గంటల్లో బురద పైపొర ఎంత కాగుతుందన్నదే ఈ నాచుకి ముఖ్యమని నా అభిప్రాయం.

కొలతకి పెద్ద సామగ్రి అక్కర్లేదు. వంటింట్లో వాడే సూదిమొన థర్మామీటరు చాలు, మొన బురదలో అరసెంటీమీటరు కంటే లోతుకి దిగకూడదు. గాలిలో 37 చూపించిన రోజున బురద పైపొర 40 దాటింది. వేలు లోపలికి గుచ్చితే రెండంగుళాల కింద హాయిగా ఉంది. ఫ్రాన్స్ అట్లాంటిక్ తీరపు బురద నేలల మీద చేసిన కొలతల్లో ఈ నాచు కిరణజన్య సంయోగక్రియ 25 డిగ్రీల దగ్గర అత్యధికంగా ఉండి, ఆపైన తగ్గుముఖం పడుతుందని తేలింది. మన నాచు మన ఎండకి అలవాటు పడినదే, కాబట్టి ఆ అంకెని తెచ్చి ఇక్కడ అతికించను. ఎంత అలవాటు పడినా పైన ఒక హద్దంటూ ఉంటుంది, దానికి మనం దగ్గరలో ఉన్నామన్నదే నా అనుమానం.

బురద తీసే పద్ధతి చెప్తాను, చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. ఇరవై ఎంఎల్ ప్లాస్టిక్ సిరంజి మూతి కోసేస్తే చిన్న గొట్టం అవుతుంది. దాన్ని నిటారుగా గుచ్చి, పిస్టన్ లాగుతూ పైకి తీసి, పై రెండు మిల్లీమీటర్లు మాత్రం బ్లేడుతో కోసి డబ్బాలో వేసుకోవాలి. ఒక చెంచాడు చాలు. పక్కనే ఆ చోటి నీళ్లే ఒక సీసాడు పట్టుకోవాలి. కుళాయి నీళ్లు తగిలితే ఉప్పు తేడాకి కణాలు దెబ్బతింటాయి. మడ మొక్కలున్న వైపు నేను పోను. వల విప్పుకుంటున్న ఒకాయన ఒకసారి తెలుగులోనే పలకరించాడు: "ఏం సార్, రొయ్యల చెరువు పెడతన్నారా?" కాదన్నా, ఈ బురదలో బతికే నాచు చూస్తానన్నాను. "అదుంటేనే కొయ్యింగ వస్తది సార్, మూతితో గీక్కుని తింటది" అన్నాడు. అక్షరాలా నిజం. కొయ్యింగ చేపలు (మల్లెట్లు) బురద పైపొరనే మేస్తాయి.

ఇంటికొచ్చాక బురదని వెడల్పాటి గాజు మూతలో పల్చగా పరిచి, పైన తేలిన నీళ్లు వంచేసి, లెన్సు తుడిచే పల్చటి కాగితాన్ని రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి రెండేసి పొరలుగా అంటిస్తాను. కిటికీ వెలుతురులో పెడితే రెండు మూడు గంటల్లో డయాటమ్‌లు బురదలోంచి పైకి పాక్కుంటూ వచ్చి కాగితంలోకి ఎక్కుతాయి, ఇసుకా మట్టీ కిందే ఉండిపోతాయి. పై కాగితం ముక్కని పట్టకారుతో ఎత్తి, సీసాలోని నీటిచుక్కలో జాడిస్తే శుభ్రమైన నమూనా చేతికొస్తుంది. ఇందులో ఒక కిటుకు ఉంది. అక్కడ ఆటు ఏ వేళకి పడుతుందో, ఇంట్లో గాజు మూతలోనూ ఆ వేళకే అవి ఎక్కువగా పైకొస్తాయి. సముద్రంతో సంబంధం తెగినా ఆ లయ కొన్నాళ్లు పోదు. ఆటు వేళ దాటాక కాగితం వేస్తే పెద్దగా ఏమీ దొరకదు.

నలభై రెట్ల ఆబ్జెక్టివ్ కింద ఫిబ్రవరి నమూనా కన్నుల పండగ. అన్నీ డయాటమ్‌లే: పడవ ఆకారపు నావిక్యులాలు, ఎస్ అక్షరంలా వంగిన గైరోసిగ్మాలు, సన్నటి నిట్‌జియాలు. బాసిల్లేరియా అనే ఇంకో డయాటమ్ దొరికిన రోజు అన్నం కూడా మర్చిపోయాను. పుల్లల్లాంటి కణాలు పక్కపక్కన ఒక కట్టగా ఉంటాయి. ఉన్నట్టుండి ఒకదాని మీద ఒకటి జారుకుంటూ చివర్లు మాత్రమే అంటుకుని ఉండేంతవరకూ ఇంచుమించు ఒకే గీతగా సాగి, క్షణం ఆగి, మళ్లీ కట్టగా ముడుచుకుంటాయి. మళ్లీ ఇంకో వైపుకి. చుక్క ఆరేదాకా అదే పని.

మే నెలలో, ఇక్కడివాళ్లు కత్తిరి వెయిల్ అనే రోజుల్లో, పొర రంగు మారింది. గోధుమ తగ్గి ముదురు ఆకుపచ్చ మచ్చలు వచ్చాయి. అద్దం కింద ఆసిలటోరియా అనే నీలి ఆకుపచ్చ నాచు పోగులు మెల్లగా ఊగుతూ నిండుగా కనిపించాయి. డయాటమ్‌లు ఉన్నాయి గానీ చాలావాటిలో గోధుమరంగు రంజకం ఓ మూలకి ముడుచుకుపోయింది. ఉత్త పెంకులూ బోలెడు. అయితే వేడి ఒక్కటే కారణమని చెప్పలేను. అప్పటికి ఇసుక మేట వేసి మొగ దాదాపు పూడుకుపోయింది, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ సముద్రపు నీటిలో ఉండే 35 (వెయ్యి పాళ్లకి ఇన్ని పాళ్ల ఉప్పు) దాటి చూపించింది. వేడీ ఉప్పూ కలిసే వచ్చాయి.

అందుకే ఇంట్లో విడదీసి చూశాను. ఒకే డబ్బాలోని బురదని గిన్నెల్లో పంచి, అక్వేరియం హీటరు పెట్టిన నీళ్ల తొట్టెల్లో తేలేశాను: ఒకటి 30 దగ్గర, ఒకటి 34 దగ్గర. ఉప్పు ఒకటే, వెలుతురు ఒకటే. ఆవిరైన మేరకు డిస్టిల్డ్ వాటర్ కలపాలి, లేకపోతే ఉప్పు పెరిగి ప్రయోగం మొత్తం పాడవుతుంది. హీటర్లు 34 పైకి పోవు కాబట్టి అంతకుమించి చూడలేదు. వారం తిరిగేసరికి 34 గిన్నెలో పచ్చ పోగుల వాటా స్పష్టంగా ఎక్కువ. నీలి ఆకుపచ్చ నాచులు సాధారణంగా డయాటమ్‌ల కంటే వేడికి బాగా తట్టుకుంటాయన్న పుస్తకాల మాటకి ఇది సరిపోయింది. రెండు గిన్నెల ఫలితం మీద సిద్ధాంతం కట్టను.

కార్బన్ డయాక్సైడ్ పెరిగి సముద్రపు నీరు ఆమ్లగుణం వైపు జరగడం గురించి కొందరు అడిగారు. పారిశ్రామిక యుగానికి ముందుతో పోలిస్తే సముద్ర ఉపరితలపు పీహెచ్ 0.1 దాకా తగ్గింది, పగడపు దిబ్బలకి అది పెద్ద దెబ్బే. ఈ పొర లోపల మాత్రం నాచు కార్బన్‌ని లాక్కోవడం వల్ల ఎండ కాసిన మధ్యాహ్నం పీహెచ్ అంతకంటే ఎన్నో రెట్లు పెరిగి, రాత్రికి దిగుతుంది. ఇక్కడ నా దిగులు దాని గురించి కాదు.

నీటిమట్టం గురించి మాత్రం ఉంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సగటు సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది, 2006 తర్వాత ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున. మీటరు ఆటుపోటు మాత్రమే ఉన్న చోట 20 సెంటీమీటర్లంటే చిన్న సంగతి కాదు. బురద పట్టీ పైకి జరగాలి. పైన ఈసీఆర్, ప్రహరీలు, రిసార్టులు. జరిగే చోటే లేదు. పైగా డయాటమ్‌లు పాకేటప్పుడు వదిలే జిగురే బురద రేణువుల్ని అంటించి ఉంచుతుంది, ఆ పొర చెడితే అలకి మట్టి తొందరగా లేచిపోతుంది. వేలితో గీసి చూడండి: పొర ఉన్న చోట బురద చిన్న పలకలా లేస్తుంది, లేని చోట పిండిలా జారిపోతుంది.

నవంబర్ వానలకి మొగ తెగింది, ఉప్పు పదిలోపుకి పడిపోయింది. పొర మొత్తం కొట్టుకుపోయిందనుకున్నాను. నీళ్లు తేరుకున్నాక వెళ్తే మళ్లీ గోధుమ రంగే, కానీ చిన్నచిన్న నావిక్యులాలే ఎక్కువ, గైరోసిగ్మాలు కరువు. డయాటమ్‌లు వీలు చిక్కితే రోజుకోసారి చీలతాయి కాబట్టి తేరుకోవడంలో వింతేమీ లేదు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకి ముంచెత్తినంత నీరు తరచూ వస్తుంటే, ఒకదాన్నుంచి తేరుకునేలోపే ఇంకోటి పడుతుంటే, ఏ రకాలు మిగులుతాయన్నదే ప్రశ్న.

వచ్చే వేసవికి బురదలో పాతే చిన్న టెంపరేచర్ లాగర్ తెప్పిస్తున్నాను, నేను లేని వేళల్లోనూ రాసుకుంటుంది. పులికాట్, కాకినాడ వైపు ఉన్నవాళ్లు ఎవరైనా మే అమావాస్యకి ఇలాగే సిరంజితో నమూనా తీస్తే బాగుంటుంది. తీసిన సమయం, బురద వేడి, నీటి ఉప్పు డబ్బా మీద అక్కడే రాసేయండి, ఫొటోలో స్కేలు పడేలా చూడండి. ఆ వివరాలు లేని ఫొటో ఎంత అందంగా ఉన్నా పోల్చడానికి పనికిరాదు.