మిడ్‌వే దగ్గరే ఆగిపోయిన నా జవాబు

మొన్న సివిల్స్ ఫైనల్ లిస్టులో నా నంబరు కనిపించింది. అమ్మ నమ్మక రెండుసార్లు చదివించుకుంది. నాలుగో ప్రయత్నం, తెలుగు మీడియం, హిస్టరీ ఆప్షనల్. ర్యాంకు గొప్పదేం కాదు, నాకు చాలు. హిస్టరీ పేపర్ 2 (ప్రపంచ చరిత్ర వచ్చేది ఇందులోనే) ఎలా చదివావని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

ప్రిలిమ్స్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. పాత పేపర్లు, రివిజన్, అంతే. నన్ను ముంచింది మెయిన్సే. మూడోసారి ఆప్షనల్ మార్కులు చూసి రెండ్రోజులు గది తలుపు తియ్యలేదు. తప్పు ఎక్కడుందో ఆ తర్వాత రాసిన ఒక టెస్టులో తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, జపాన్‌ల మధ్య సాగిన పసిఫిక్ యుద్ధాన్ని మలుపు తిప్పిందేమిటి, 20 మార్కులు. నాకు కొట్టినపిండి అనుకున్నాను. 1942 జూన్, పసిఫిక్ నడుమ అమెరికా చేతిలో ఉన్న మిడ్‌వే దీవి దగ్గర పోరు, అందులో జపాన్ పోగొట్టుకున్న నాలుగు విమాన వాహక నౌకలు: అకాగి, కాగా, సోర్యూ, హిర్యూ. జపాన్ రహస్య సందేశాల్లో 'ఏఎఫ్' అంటే మిడ్‌వేనే అని తేల్చుకోడానికి అమెరికన్లు అక్కడ మంచినీళ్లకి కటకటగా ఉందని దొంగ కబురు పంపడం కూడా రాశాను. 6 మార్కులు! పక్కన ఎర్ర ఇంకుతో ఒకే వాక్యం: "మరి యుద్ధం ఇంకో మూడేళ్లు ఎందుకు సాగింది?"

మొదట దిద్దినాయన మీద ఒళ్లు మండింది. తర్వాత గోడకి పసిఫిక్ మ్యాప్ అంటించి కూర్చున్నాను. మిడ్‌వేకి నెల ముందు ఆస్ట్రేలియా దగ్గరి కోరల్ సీ పోరులో దెబ్బతిన్న అమెరికా విమాన వాహక నౌక యార్క్‌టౌన్‌ని పెర్ల్ హార్బర్‌లో మూడు రోజుల్లో అతుకులేసి మళ్లీ యుద్ధానికి పంపారు. అదే కోరల్ సీ నుంచి జపాన్ విమాన వాహక నౌక జుయికాకు చెక్కు చెదరకుండా తిరిగొచ్చింది, కానీ పైలట్లు చాలామంది పోవడంతో మిడ్‌వేకి వెళ్లలేకపోయింది. ఓడ ఉంది, విమానాలు నడిపే మనుషులు లేరు. నాకు తాళం తెరుచుకున్నది ఇక్కడే.

మిడ్‌వే జపాన్‌ని ఆపింది. వెనక్కి నెట్టడం మొదలైంది సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్‌లో. 1942 ఆగస్టు 7న అమెరికన్లు దిగి, జపాన్ వాళ్లు కడుతున్న రన్‌వేని పట్టుకున్నారు. పగలు ఆకాశం అమెరికన్లది, రాత్రి సముద్రం జపాన్ వాళ్లది. ఆర్నెల్లు ఇదే. సరుకు చేరక, జపాన్ సైనికులు తుపాకీ గుండ్లకంటే ఆకలితో, జబ్బులతో ఎక్కువమంది పోయారు. 1943 ఫిబ్రవరిలో మిగిలిన పదివేల పైచిలుకు మందిని రాత్రిళ్లు గుట్టుగా తరలించారు. జపాన్‌కి అనుభవమున్న పైలట్ల లోటు ఆ తర్వాత పూడలేదు. 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్రంలో జపాన్ విమానాలు వందల్లో కూలాయి. జులైలో జపాన్ చేతిలోంచి సైపాన్ దీవి పోయింది, ఆ నెలలోనే జపాన్ ప్రధాని తోజో రాజీనామా చేశాడు.

ఇంకో సంగతి. మా అమ్మమ్మది విశాఖ. జపానోడు బాంబులేశాడని, జనం మూటాముల్లే సర్దుకుని పారిపోయారని చిన్నప్పుడు చెప్పేది. అది 1942 ఏప్రిల్ 6. ఆ రోజు విశాఖ, కాకినాడల మీదికి విమానాలు పంపిన నౌక ర్యూజో. ఆగస్టు 24న అది మునిగిందెక్కడో తెలుసా? గ్వాడల్‌కెనాల్ కోసం జరిగిన పోరులోనే. అది చదివిన రాత్రి నిద్రపట్టలేదు.

ఒక్క ప్రశ్నకి పదకొండు రోజులా అని రూమ్మేట్లు నవ్వారు. సిలబస్ అలా పూర్తవదన్నారు. నిజమే, పూర్తవలేదు కూడా. కానీ ఆ తర్వాత ఏ యుద్ధం చదివినా ఓడల లెక్క పక్కన మనుషుల లెక్క, తిండి లెక్క వేసుకున్నాను. మీరూ ఫోన్ పక్కన పడేసి కూర్చోండి. తెల్లారుజామున అయిదింటికి లేవండి. నేను రోజూ లేచానని కాదు, లేచిన రోజు బాగా చదివాను. పెళ్లి, ఉద్యోగం అంటూ చుట్టాలనేవి పట్టించుకోకండి. నేను పట్టించుకునే ఒక ఏడాది పాడుచేసుకున్నాను.

ఎథిక్స్, ఎస్సే ఎలాగో గట్టెక్కాయి. ఇంటర్వ్యూ గురించి తీరిగ్గా ఇంకోసారి రాస్తాను. మ్యాప్ ఫోటో అడిగినవాళ్లకి రెండ్రోజుల్లో పంపుతాను. అది ఇంకా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో నేను చదువుకున్న గదిలోనే ఉంది. ఖాళీ చేసేటప్పుడు పీకబోతే, నా తర్వాత ఆ గదిలో చేరిన కుర్రాడు ఉంచమన్నాడు.