కాయ ఊరింది కదా అని వాల్వు కట్టేశాను

పోయినేడాది చేసిన తప్పుతోనే మొదలుపెడతా. కళ్యాణదుర్గం వైపు మాది ఎర్ర నేల, ఉన్నది ఒకటే బోరు, గంటకు 6 వేల లీటర్లు పోస్తే గొప్ప. ఒక ఎకరాలో విత్తనానికని గుమ్మడి పెట్టాం. ఫిబ్రవరి ఆఖరుకు కాయలు కడవల్లా ఊరాయి, ఇంక వీటికి నీళ్ళెందుకులే అని గుమ్మడి వాల్వు కట్టేసి, పక్కన వాడిపోతున్న టమాటాకు మళ్ళించా. తీరా గింజలు తీసి ఆరబెట్టి చేటలో చెరిగితే మూడో వంతు తాలు, గాలికే లేచిపోయాయి. మా నాయన ఒక్క మాట అడిగినాడు: "కూరకు పెట్టినావా, విత్తనానికి పెట్టినావా?"

తేడా అంతా అక్కడే ఉంది. పిందె కట్టిన మూడు వారాల్లోపే కాయ దాని సైజుకు వచ్చేస్తుంది, గింజ పైతోలు కూడా దాదాపు తయారైపోతుంది, కానీ లోపల పప్పు నిండేది ఆ తర్వాతే, మొత్తం 50 నుంచి 60 రోజులు పడుతుంది. బయటినుంచి చూస్తే ఏమీ తెలీదు. ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) నీటి లెక్కల్లో ఒక అంకె ఉంటుంది, ఎండ, గాలి లాగేసే నీటిని దాంతో గుణిస్తే పంటకు ఎన్ని నీళ్ళు కావాలో తెలుస్తుంది. అది గుమ్మడికి మొదట్లో 0.5, తీగ కమ్ముకున్నాక 1.0, చివర్లో 0.8 అని ఉంటుంది. చివర్లో కూడా 0.8, సున్నా కాదు! ఇది ముందే చూసి ఉంటే బాగుండేది.

ఆ అంకెను మన పొలానికి తెచ్చుకోవడం కష్టమేం కాదు. మార్చిలో ఎండ, గాలి కలిసి రోజుకు 6 మిల్లీమీటర్లు లాగేస్తాయనుకుందాం, అంటే చదరపు మీటరుకు 6 లీటర్లు, తీగ కమ్మిన ఎకరాకు (అప్పుడు అంకె 1.0 కాబట్టి) సుమారు 24 వేల లీటర్లు. మా డ్రిప్పు లైన్లు 8 అడుగులకొకటి, 2 అడుగులకొక డ్రిప్పరు, గంటకు 4 లీటర్లది. అన్నీ ఒకేసారి వదిలితే గంటకు 11 వేలు కావాలి, మా బోరు ఇవ్వలేదు, చివరి లైన్లకు చుక్క కూడా పోదు. అందుకే ఎకరాను రెండు వాల్వులు చేసి ఒక్కోదానికి రెండు గంటల పైచిలుకు వదులుతున్నా. ఎర్ర నేల నీళ్ళు దాచుకోదు కాబట్టి ఆ దశలో రోజూ పెట్టాల్సిందే. నల్లరేగడి అయితే ఇన్నిసార్లు అక్కర్లేదు.

ఇంకో మోసం, మధ్యాహ్నం ఆకులు. తేమ ఉన్నా సరే ఎండకు గొడుగు మడిచినట్టు వాలిపోతాయి, చూసి టెన్షన్ పడి మోటరు వేసేవాణ్ణి. ఇప్పుడు పొద్దున్నే వెళ్ళి చూస్తా. అప్పుడు కూడా వాలి ఉంటేనే దప్పిక. అనుమానమొస్తే డ్రిప్పరు పక్కన జానెడు లోతు తవ్వి మట్టి పిడికిట్లో నొక్కుతా, ఉండ కట్టకపోతే నీళ్ళు కావాలని అర్థం.

పూత టైములో మాత్రం అస్సలు ఎండబెట్టొద్దు. ఆడ పువ్వు విచ్చుకునేది ఒక్క పొద్దుటి పూటే, దప్పికతో ఉన్న తీగ పిందెను రాల్చేస్తుంది. కాలవల్లో పారించే రోజుల్లో ఇంకో తలనొప్పి, క్రాసింగుకు (మగ పువ్వు పుప్పొడిని చేత్తో ఆడ పువ్వుకు అంటించడానికి) వచ్చిన ఆడవాళ్ళు బురదలో దిగబడుతూ తిట్టుకునేవాళ్ళు, వాళ్ళ తప్పేం లేదు.

ఈ ఏడు పిందె కట్టిన 45 రోజుల దాకా పూర్తిగా ఇచ్చి, తర్వాత సగానికి తగ్గించి, కోతకు వారం ముందు ఆపేశా. అతిగా ఇచ్చినా నష్టమే, నేలకు తగిలిన వైపు కాయ కుళ్ళుతుంది, ఒక్కోసారి లోపలే గింజ మొలకెత్తుతుంది. కోసిన కాయల్ని వెంటనే పగలగొట్టకుండా నీడన మూడు వారాలు ఉంచా. మొదళ్ళ దగ్గర శనక్కాయల పొట్టు కప్పడం కూడా బాగా పనిచేసింది, తేమ నిలిచింది.

ఈసారి చేటలో తాలు గుప్పెడే. కాకపోతే ఎండలు ముదిరాక ఉడతలు నీళ్ళ కోసం పైపుల్ని కొరికేస్తున్నాయి, నిన్న ఒక్కరోజే ఏడు చోట్ల అతికించా. ఎవరికైనా దీనికి ఉపాయం తెలిస్తే చెప్పండి, చెట్టు కింద కుండలో నీళ్ళు పెట్టి చూశా, తాగి మరీ కొరుకుతున్నాయి.